ఫోను పెట్టేసే హక్కు

చదువుకునే రోజుల్లో కొన్ని నెలలపాటు నేనొక సహాయకేంద్రంలో రాత్రిపూట ఫోను దగ్గర కూర్చునేదాన్ని. ఒక రాత్రి ఒక మగగొంతు మొదట పరీక్షల భయం గురించి చెప్పి, కాసేపటికి నా వయసెంతో, ఏం కట్టుకున్నానో అడగడం మొదలుపెట్టింది. ఆ తర్వాతి మాటలు ఇక్కడ రాయదగినవి కావు. అవతలివారు పెట్టేసేదాకా మనం పెట్టకూడదని మాకు నేర్పారు కనుక చివరిదాకా విన్నాను. పది నిమిషాల తర్వాత మళ్ళీ ఫోను మోగింది. ఈసారి మాటల్లేవు, ఊపిరి మాత్రమే వినబడింది. అదే మనిషనుకుని ఠక్కున పెట్టేశాను. ఆ ఊపిరి ఎవరిదో నాకు ఈనాటికీ తెలియదు.

ఇలాంటి సేవల చరిత్ర చదవడం మొదలుపెట్టాక, ఈ చిక్కు నా ఒక్కదానిదే కాదని అర్థమయింది.

1935లో ఇంగ్లండులోని లింకన్‌లో ఛాద్ వారా అనే యువ మతాచార్యుడు పద్నాలుగేళ్ళ బాలిక అంత్యక్రియలు జరిపించాడు. రజస్వల అయిన ఆ పిల్ల తనకేదో సుఖవ్యాధి సోకిందని భయపడి, అడిగేందుకు ఎవరూ లేక ప్రాణం తీసుకుంది. ఆయన ఆ సంగతి మరచిపోలేదు. 1953 నవంబరు 2న లండనులోని సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ చర్చిలో ఫోను పెట్టి, సమారిటన్స్ సేవను ప్రారంభించాడు. తన కోసం వేచి ఉన్నవారికి టీ ఇచ్చి, వారి మాట వింటున్న మామూలు మనుషుల వల్లనే చాలామందికి ఊరట కలుగుతోందని గమనించి, వినే పని వారికే అప్పగించాడు.

కాకతాళీయంగా అదే 1935లో బ్రిటన్ తన తపాలా చట్టాన్ని సవరించి, టెలిఫోనులో అసభ్యంగానో బెదిరిస్తూనో మాట్లాడడాన్ని నేరం చేసింది. 1984, 2003 నాటి చట్టాలు దాన్నే కొనసాగించాయి. అయితే చట్టం పనిచేయాలంటే మాట్లాడినవాడెవడో తెలియాలి. సహాయకేంద్రం ఇచ్చే మొదటి హామీయేమో, మీరెవరో మేము అడగం అన్నది. ఒక దుర్మార్గుడి కోసం ఆ మాట తప్పితే, రేపు నిజంగా ఆపదలో ఉన్న మనిషి ఫోను చేయడానికి జంకుతాడు. కనుక రక్షణ ఏదైనా కేంద్రం లోపలే ఏర్పడవలసి వచ్చింది.

సమారిటన్స్ వెదికిన ఒక దారి వింతైనది. లైంగికతృప్తి కోసం ఫోను చేసే మగవాళ్ళను బ్రెండాను అడగమనేవారు. బ్రెండా ఒక మనిషి కాదు. అలాంటి మాటలు వినడానికి ఒప్పుకున్న స్త్రీలందరికీ అదే పేరు. 1958లో మొదలైన ఈ ఏర్పాటు 1987 దాకా సాగింది. ఆ మగవాళ్ళూ సాయం అవసరమైనవారేనన్నది వారా వాదన. మిగిలిన కార్యకర్తలకు కొంత ఊరట దొరికిన మాట నిజమే. కాని ఆ భారం పోలేదు, కొందరు ఆడవాళ్ళ మీదికి మారింది, అంతే.

1970లో ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో మొదలైన నైట్‌లైన్, విద్యార్థుల కోసం విద్యార్థులే రాత్రిపూట నడిపే సేవ. క్రమంగా అనేక విశ్వవిద్యాలయాలకు పాకింది. ఇక్కడ చిక్కు మరీ దగ్గరిది. రాత్రి బూతులు మాట్లాడినవాడు పొద్దున అదే తరగతిలో పక్క బల్ల మీద కూర్చోవచ్చు. అందుకే ఫోను చేసినవారితోపాటు కార్యకర్తలు కూడా తామెవరో సాధారణంగా బయటపెట్టరు. ఒంటరిగా కూర్చోనివ్వకపోవడం, కష్టమైన ఫోను తర్వాత తోటివారితో చెప్పుకోనివ్వడం, దుర్భాషలకు దిగినవారిని హెచ్చరించి ఫోను పెట్టేయనివ్వడం ఇలాంటి సేవల్లో ముఖ్యమైన జాగ్రత్తలు.

మన వైపు 1986లో చెన్నైలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ స్థాపించిన స్నేహ, హైదరాబాదులోని రోష్ని ఇలా మాట వినే సంస్థలే. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం టెలీ మానస్ ప్రారంభించింది. 14416కు ఫోను చేసి తెలుగులోనూ మాట్లాడవచ్చు. వినేవారిని కాపాడుకోవలసిన అవసరం వీటన్నిటికీ ఉంది.

ఫోను పెట్టకూడదన్న నియమాన్ని మాకు దయ పేరుతోనే నేర్పారు. ఆ రాత్రి మొదటి ఫోనును నిమిషంలో ముగించే అనుమతి, ముగించాక చెప్పుకునేందుకు పక్కన ఒక మనిషి నాకు ఉండి ఉంటే, రెండోసారి మోగినప్పుడు నేను తొందరపడేదాన్ని కాదు. "వింటున్నాను, చెప్పండి" అని, ఎంతసేపైనా కాచుకుని ఉండేదాన్ని.