కంపాయ్ సెగుందో: 1997కు ముందు

1997లో ‘బ్యూనా విస్టా సోషల్ క్లబ్’ ఆల్బమ్ వచ్చాక, తొంభైకి చేరువైన కంపాయ్ సెగుందోను ప్రపంచం ‘కనిపెట్టింది’ అన్నారు. ఆ మాట ఆయనకు అన్యాయం చేస్తుంది. 1907లో క్యూబా ఆగ్నేయ తీరాన సిబోనీలో పుట్టిన ఫ్రాన్సిస్కో రెపిలాదో (కంపాయ్ అసలు పేరు ఇదే) కుర్రతనం నుంచే సంగీతకారుడు. సాంటియాగో పురపాలక బ్యాండులో క్లారినెట్ వాయించారు. గిటారుకూ, పల్లెల్లో వాయించే ‘త్రెస్’కూ నడుమ నిలిచేలా, ఒక తీగను జంట చేసి, ఏడు తీగల ‘అర్మోనికో’ను తానే రూపొందించుకున్నారు. 1940లలో లోరెంజో ఇయెర్రెసుయెలో పక్కన రెండో గొంతుగా ‘లాస్ కంపాద్రెస్’ జంటలో పాడి దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. పాట కూడు పెట్టని ఏళ్లలో హవానా ఫ్యాక్టరీలో చుట్టలు చుట్టారు.

నిర్మాత రై కూడర్ ‘బ్యూనా విస్టా’ ఆల్బమ్ చేయకపోతే మనదాకా ఈ గొంతు చేరేదా అని అడగవచ్చు. చేరేది కాదేమో, ఆ మేలు కాదనలేం. కానీ ఆల్బమ్‌కు తలమానికమైన ‘చాన్ చాన్’ను ఆయన 1980లలోనే, ఎనభైకి దగ్గరపడిన వయసులో కట్టారు. ఆయన కళకు ప్రాణం పోసింది ఏ నిర్మాతా కాదు. విరామమెరుగని ఆయన సాధనే. 2003లో హవానాలో కన్నుమూసే నాటికి ఆయనకు 95 ఏళ్లు.