హద్దు ఉన్న ఆట, హద్దు లేని ఆట

పేకాట విషయంలో మన చట్టాలు తరతరాలుగా ఒకే ప్రశ్న వేస్తూ వచ్చాయి: గెలుపు నేర్పు వల్ల వస్తుందా, అదృష్టం వల్ల వస్తుందా? చిత్తూరు జిల్లా మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న రోజుల్లో, 1930 నాటి మద్రాసు గేమింగ్ చట్టం కేవలం నేర్పుతో ఆడే ఆటలను జూదం లెక్కలోంచి తీసేసింది. నిజాం ఏలుబడిలోని ప్రాంతానికి వేరే చట్టం ఉండేది. రాష్ట్రమంతటికీ కలిపి 1974లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కూడా నేర్పు ఆటలకు ఆ మినహాయింపు ఇచ్చింది. ఈ ప్రశ్న తప్పు కాదు కానీ సగం ప్రశ్న. ఆట మనిషిని ముంచుతుందా లేదా అన్నది తేల్చే ప్రశ్నలు వేరే రెండున్నాయి. ఒకటి, ఒక్క ఆటలో పోగలిగే సొమ్ముకు ముందే తెలిసిన హద్దు ఉందా? రెండు, చేతిముక్కలు బాగా లేనప్పుడు తక్కువ నష్టంతో తప్పుకునే దారి ఉందా?

మనవాళ్లు ఎక్కువగా ఆడే పదమూడు ముక్కల రమ్మీలో ఈ రెండూ ఉన్నాయి. ముక్కలు చూసుకుని, ఒక్కటీ తీయకముందే డ్రాప్ అయితే 20 పాయింట్లు పోతాయి. కొంత ఆడి మధ్యలో తప్పుకుంటే 40. ఎదుటివాడు షో చేసేదాకా కూర్చుని, చేతిలో అసలు సీక్వెన్స్ కూడా పడకపోతే ఫుల్ కౌంట్, గరిష్ఠంగా 80. అంతకు మించి ఏమీ పోదు. ఇద్దరే ఆడుతున్నప్పుడు నెగ్గితే సగటున 30 వస్తాయనీ ఓడితే 40 పోతాయనీ అనుకుందాం. ఏడింట రెండుసార్లకు మించి నెగ్గగల ముక్కలైతే ఆడటమే మేలు, అంతకన్నా తక్కువైతే 20 ఇచ్చి లేవడమే మేలు. ఒక్కో పందెం ఎంతో ముందే ఖరారు చేసిన లిమిట్ పోకర్‌లోనూ ఇదే లెక్క. మధ్యలో 6 పందేల సొమ్ము ఉండి, కొనసాగడానికి ఇంకొక్క పందెం వేయాల్సి వస్తే, ఏడింట ఒకసారికి మించి గెలిచే ఆశ ఉంటేనే వేయాలి, లేదంటే ముక్కలు పడేయాలి. పందెం పెంచడానికి ఇంకా గట్టి చెయ్యి కావాలి. ఈ లెక్క సాధ్యమయ్యేది హద్దు తెలిసినందువల్లే. ఆటగాడి నేర్పు ముక్కలు కూర్చడంలో ఎంత ఉందో, వదులుకోవడంలోనూ అంతే ఉంది.

రమ్మీకి దేశమంతటా చట్టబద్ధత తెచ్చిన తీర్పు అప్పటి మన ఉమ్మడి రాష్ట్రపు కేసులోనే వచ్చింది. 1963లో సికింద్రాబాద్ క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్‌పై పోలీసులు దాడి చేశారు. ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణల మధ్య నడిచిన ఆ కేసులో 1967 నవంబరులో తీర్పు చెబుతూ జస్టిస్ హిదయతుల్లా, పడిన ముక్కలను గుర్తుంచుకోవడానికీ, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తేల్చుకోవడానికీ నేర్పు కావాలనీ, కాబట్టి రమ్మీ మూడుముక్కలాట వంటిది కాదనీ అన్నారు. అదే తీర్పులో, ఆట మీద క్లబ్బు లాభం తీస్తే నేరం రుజువు కావచ్చని కూడా కోర్టు హెచ్చరించింది. తరువాతి అర్ధశతాబ్దిలో మొదటి మాటనే అందరూ పట్టుకున్నారు, రెండోదాన్ని వదిలేశారు. కానీ ఆ రెండో మాటే ఆట జరిగే చోటు గురించి, ఆ ఆట వల్ల బాగుపడేవాళ్ల గురించి అడుగుతుంది.

మూడుముక్కలాటలోనూ ముక్కలు పడేసి తప్పుకోవచ్చు కదా, మరి తేడా ఏముందని అడగవచ్చు. ఆ ఆటలో తప్పుకునే దారి ఉన్న మాట నిజమే కానీ అడుగు కనబడదు. చూడకుండా ఆడేవాడు ఒకటి వేస్తే చూసినవాడు రెండు వేయాలి. ఎన్ని చుట్లు తిరుగుతుందో, ఎంత పేరుకుంటుందో ముందు తెలియదు. అందులో నిలబడటం చేతిముక్కల కన్నా జేబు బలం మీద ఆధారపడుతుంది. పోకర్‌నైనా హద్దు తీసేసి ఆడితే ఇదే దారి పడుతుంది. పోకర్ ఏ కోవకు చెందుతుందో దేశంలోని హైకోర్టులే ఒక్క మాటగా చెప్పలేకపోయాయి. 2017లో గుజరాత్ హైకోర్టు దాన్ని జూదమంది. 2021లో మద్రాసు హైకోర్టు, రమ్మీతో పాటు పోకర్‌ను కూడా నిషేధించిన సవరణను కొట్టేసింది. నేర్పు, అదృష్టం అన్న కొలబద్ద ఒక్కటే చాలదనడానికి ఈ భేదమే సాక్ష్యం.

హద్దు లేని పందెం ఎక్కడికి తీసుకెళ్తుందో చిత్తూరు ప్రాంతానికి కొత్తగా చెప్పనక్కర్లేదు. చిత్తూరు జిల్లాలో ఊరూరా ఉన్న ద్రౌపదీ ధర్మరాజుల గుళ్లలో ఏటా భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం, చివర దుర్యోధన వధ, అగ్నిగుండం. మాయాద్యూతపు ఘట్టంలో ధర్మరాజు రాజ్యాన్నీ తమ్ముళ్లనూ తననూ ఆలినీ వరసగా ఒడ్డుతాడు. ఏ పందెం దగ్గరా లేచి రాడు. తిరుమలలో దీనికి ఎదురుగా ఇంకో కథ ఉంది. వేంకటేశ్వరుడు రాత్రివేళ తన భక్తుడు హాథీరాం బావాజీతో పాచికలాడేవాడని చెబుతారు. 1843 నుంచి 1933 దాకా ఆలయ పాలన చూసిన మఠం ఆ బావాజీ పేరు మీదిదే. ఒకే నేల మీద ఒక పాచికలాట భక్తికి గుర్తయింది, ఇంకొకటి వినాశానికి మొదలయింది. పురాణాలనూ ఐతిహ్యాలనూ నేటి వాదానికి సాక్ష్యంగా తేవడం సబబా అనవచ్చు. అవి చట్టానికి సాక్ష్యాలు కావు. కానీ జనం దేనికి భయపడ్డారో చెబుతాయి. భయపడింది ఆటకు కాదు, ఎంతకైనా తెగించే పందేనికి.

ఫోన్లలోకి రమ్మీ వచ్చాక పాయింట్ల లెక్క మారలేదు. ఒక్కో ఆటలో పోయేది అక్కడా 80 పాయింట్లే. మారింది ఆ ఆట చుట్టూ ఉన్న హద్దులు. క్లబ్బుకు మూసే వేళ ఉంటుంది, ఎదురుగా తెలిసిన మనిషి ఉంటాడు, జేబులో ఉన్నంతే డబ్బు ఉంటుంది. ఫోనులో ఇవేవీ లేకపోయాయి. పైగా ప్రతి ఆట మీదా నిర్వాహకుడికి వాటా ముట్టేది, 1967లో కోర్టు వేలెత్తి చూపింది సరిగ్గా దాన్నే. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రమ్మీ, పోకర్ సహా డబ్బు ఒడ్డే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. చిత్తూరు జిల్లా నుంచి నగరి దాటితే తమిళనాడు, పలమనేరు దాటితే కర్ణాటక. ఆ రెండు రాష్ట్రాలు 2021లో తెచ్చిన నిషేధాలను అక్కడి హైకోర్టులు 2021లో ఒకదాన్ని, 2022లో ఒకదాన్ని నేర్పు ఆటలన్న వాదం మీద కొట్టేశాయి. చివరకు 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నేర్పా, అదృష్టమా అన్న భేదాన్నే పక్కన పెట్టి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది.

నేర్పున్నవాడి హక్కును ఈ నిషేధం కాలరాస్తుందన్న వాదన తేలిగ్గా తీసేయదగ్గది కాదు. నేర్పుకు విలువ ఉంది, ఆ విలువను కోర్టులు గుర్తించడం న్యాయమే. అయితే నేర్పు ఫలించడానికి వందల ఆటలు కావాలి. అన్ని ఆటలు తట్టుకునే సొమ్ము కూలివాడికీ చిరుద్యోగికీ ఉండదు. తప్పుకోవడంలోనే సగం నేర్పు ఉందని ఒప్పుకుంటే, తప్పుకోనివ్వని ఏర్పాటును నేర్పు ఆట పేరుతో కాపాడలేం. నిషేధం నిలిచినా రేపు సడలినా, చట్టం ముందుగా అడగాల్సింది ఒకటే: ఓడేవాడు ఎంత ఓడగలడు, ఎప్పుడు లేచి ఇంటికి పోగలడు?