రకాలి, కేన్ టోడ్

ఆస్ట్రేలియా వాగుల ఒడ్డున రాత్రిపూట ఎదురుపడే జీవులివి. రకాలి అక్కడి సొంత నీటి ఎలుక. వెనక కాళ్ల వేళ్ల మధ్య పొర, నీళ్లు అంటని దట్టమైన బొచ్చు, తెల్లటి తోక కొస దాని గుర్తులు. ఆ బొచ్చు కోసమే ఒకప్పుడు దాన్ని విపరీతంగా వేటాడారు.

కేన్ టోడ్ వలస వచ్చింది. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలకు చెందిన ఈ గోదురుకప్పను చెరకు పంటను తినే పెంకుపురుగుల కోసమని 1935లో హవాయి నుంచి క్వీన్స్‌లాండ్‌కు తెచ్చారు. పురుగులు చెరకు గడల పైభాగాన, కప్ప నేల మీద! పని జరగలేదు సరికదా, ఒక్కో విడతలో వేల గుడ్లు పెట్టే కప్ప మాత్రం ఉత్తరాదంతా పాకింది.

దాని భుజాల మీద ఉబ్బెత్తుగా ఉండే గ్రంథుల విషం గుండెను దెబ్బతీస్తుంది. గుడ్లు, తోకకప్పలు కూడా విషపూరితమే. కప్పను మింగబోయి క్వోల్ అనే మాంసాహారి, కొన్ని ఉడుములు, పాములు పెద్ద సంఖ్యలో చచ్చాయి.

రకాలి మాత్రం తెలివి చూపింది. కింబర్లీ ప్రాంతంలోని ఒక వాగు దగ్గర దొరికిన కప్ప కళేబరాలను పరిశోధకులు పరిశీలించి, 2019లో వివరాలు ప్రచురించారు. పెద్ద కప్పల ఛాతీ దగ్గర చిన్న కోత. గుండె, కాలేయం మాయం. విషముండే పిత్తాశయాన్ని బయటికి లాగి వదిలేసింది. మధ్యరకం కప్పలైతే కాలి తోలు ఒలిచి తొడ కండ తినేది. ఈ విద్య ఎవరు నేర్పారో గాని, కప్పలు ఆ చోటికి చేరిన రెండు మూడేళ్లలోనే అబ్బింది.