ఇజీనారం పాటలో మన కొండ ఎక్కడుంది?



పోయిన నెల మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు, "అన్నా, నువ్వు ఇజీనారంలో చదువుతున్నావు కదా, అక్కడ చూడ్డానికి ఏటుంది?" అని. కోట, గంటస్తంభం, మూడు లాంతర్లు అని నాలుగు ముక్కలు కొట్టేసి ఊరుకున్నాను. తర్వాత నాకే సిగ్గేసింది. రెండేళ్ళ నుంచి హాస్టల్ నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి మెస్సుకి తిరగడమే తప్ప ఈ ఊరేంటో చూసింది లేదు. అందుకే నాలుగు ఆదివారాలు తిరిగి, లైబ్రరీలో కూర్చుని, తెలిసింది రాస్తున్నాను. పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

కోట 1713లో కట్టారు. విజయ నామ సంవత్సరం, విజయదశమి, జయవారమైన మంగళవారం, రాజు పేరు విజయరామరాజు, ఊరు విజయనగరం. ఇలా అయిదు విజయాలు కలిశాయని ఇక్కడివాళ్ళు గొప్పగా చెప్తారు. 1757 బొబ్బిలి యుద్ధం మీ అందరికీ తెలుసు, బుర్రకథల్లో విన్నదే. నేను ఆగింది 1794 దగ్గర. ఆ ఏడు జులైలో పద్మనాభం దగ్గర ఇంగ్లీషు కంపెనీ సైన్యంతో యుద్ధంలో రాజు చిన విజయరామరాజు చనిపోయాడు. ఆయన కొడుకు నారాయణ బాబు ఇంకా చిన్నవాడు. ఆ పిల్లాడు ఎక్కడికి పారిపోయాడో తెలుసా? కొండల్లోకి. కొండ జమీందారుల దగ్గర తలదాచుకున్నాడు. కంపెనీ వాళ్ళు చాలాకాలం బేరాలాడి, చివరికి జమీందారీలో కొంత భాగం తిరిగిచ్చి అతన్ని కిందికి తెచ్చుకున్నారు.

ఆ జమీందారులు మనవాళ్ళు కాదు, నిజమే. కానీ ఆ కొండల్లో దారులు తెలిసినోళ్ళు ఎవరు? ఆ ఇళ్ళకి గంటెలు, చోళ్ళు, కందులు మోసుకెళ్ళింది ఎవరు? పుస్తకంలో "కొండ జమీందారులు" అని రెండు మాటలున్నాయి, అంతే. ఆ పిల్లాడి వంశంలోనే తర్వాత ఆనంద గజపతి పుట్టాడు. ఈ ఊళ్ళో పాట, నాటకం, చదువు వెలిగాయంటే ఆ దివాణం వల్లే. ఆ మాట గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

సంగీత కాలేజీ కోటకి దగ్గర్లోనే ఉంది. 1919లో విజయరామ గజపతి రాజు పెట్టించాడు. అప్పుడు దాని పేరు విజయరామ గాన పాఠశాల. దివాణంలో పనిచేసే ఒకాయన కొడుక్కి చూపు లేదు, సంగీతమంటే ప్రాణం, ఆ అబ్బాయి కోసమే రాజు ఈ పాఠశాల పెట్టించాడని ఇక్కడ చెప్పుకుంటారు. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. హరికథ పితామహుడంటారు ఆయన్ని. ఊరు అజ్జాడ, అంటే మన పార్వతీపురం వైపే. కాలికి గజ్జె కట్టి, చేతిలో చిరతలు పట్టి, ఒక్కడే నిలబడి కథ చెప్తూ, పాడుతూ, ఆడేవాడట. ఉమర్ ఖయ్యామ్ పద్యాల్ని పారశీకం నుంచి నేరుగా సంస్కృతంలోకి, అచ్చ తెలుగులోకి తెచ్చాడు. అదే పాఠశాలలో చేరదామని ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ పట్టుకుని వచ్చాడు. ఆయన వాయించింది విని, నువ్వు విద్యార్థివేంటి అని మాస్టారుగానే వేసుకున్నారు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యాడు. పి. సుశీల గారు పుట్టింది ఈ ఊళ్ళోనే, చదివింది ఈ కాలేజీలోనే.

నన్ను బాగా పట్టుకున్నది మాత్రం ఘంటసాల కథ. ఆయనది కృష్ణా జిల్లా. తండ్రి చిన్నప్పుడే పోయాడు. వేలికున్న ఉంగరం అమ్ముకుని ఆ డబ్బుతో ఇక్కడికొచ్చాడు. వచ్చేసరికి వేసవి సెలవులు, కాలేజీ మూసి ఉంది! మొదటిసారి హాస్టల్ సీటు కోసం సంచి పట్టుకుని వచ్చి, గేటుకి తాళం చూసి, మెట్ల మీద కూర్చున్న నాకు ఆ ముక్క చదివినప్పుడు గొంతు పట్టేసింది. పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి సంగీతం చెప్పారు. గురువు గారిది కూడా పేద ఇల్లే. అందుకని ఘంటసాల జోలె కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అన్నం అడుక్కుని తిన్నాడు. దాన్ని మధూకరం అంటారు. తర్వాత అంత పెద్దవాడయ్యాక కూడా అది దాచుకోలేదు.

ఇక్కడ ఒక మాట. ఆయన మీద గౌరవం తగ్గించి కాదు, నాకొచ్చిన ఆలోచన చెప్తున్నా. మధూకరం బ్రాహ్మణ పిల్లలకి ఉన్న పద్ధతి. ఆ గడపలు ఆయన ముందు తెరుచుకున్నాయి. అదే రోజుల్లో మన కొండ నుంచి ఒక గుంటడు, వాడికీ అంతే గొంతుంది అనుకోండి, జోలె పట్టుకుని ఆ వీధిలోకి వెళ్తే? మనకి హాస్టల్ అన్నం విలువ తెలీదని వార్డెన్ సార్ తిడతారు గానీ, నాకైతే ఆ రోజు మెస్సులో పప్పు నీళ్ళలా ఉన్నా నోరెత్తాలనిపించలేదు.

ఇంక గురజాడ గారి ఇల్లు. కన్యాశుల్కం నాటకం మొదట ఆడింది 1892లో, ఈ ఊళ్ళోనే. అచ్చయింది 1897లో. అందులో మనుషులు మాట్లాడేది బడి తెలుగు కాదు, ఈ ఊరి సందుల్లో మాట. "ఏటి" అంటే క్లాసులో నవ్వుతారు కదా, అలాంటి మాటలు పెట్టే ఆయన అంత పెద్ద నాటకం రాశాడు. మనకి ఇంకా దగ్గరైన సంగతి వేరే ఉంది. గురజాడతో పాటు ఇక్కడ మహారాజా వారి బడిలో చదివిన స్నేహితుడు గిడుగు రామ్మూర్తి. ఆయన పర్లాకిమిడిలో మాస్టారయ్యాక సవరల దగ్గర కూర్చుని సవర భాష నేర్చుకున్నాడు. మన పాటలు, కథలు రాసుకున్నాడు, సొంత డబ్బుతో సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే బడులు పెట్టాడు. కొండ జ్వరాలకి క్వినైన్ మింగీ మింగీ చెవుడొచ్చింది. 1931లో సవర భాష వ్యాకరణం, 1938లో సవర - ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తారు, అది ఆయన పుట్టినరోజు. ఆ రోజు స్టేజీ మీద ఎవరూ సవర అన్న మాట ఎత్తగా నేను వినలేదు. మన పాటలు వినీ వినీ చెవులు పోగొట్టుకున్న మనిషి కదా ఆయన.

సిరిమాను గురించి చెప్పకపోతే ఈ ఊరోళ్ళు ఊరుకోరు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం. అరవై అడుగుల దాకా ఉండే చింతమాను, దాని చివర పైడితల్లి అమ్మవారి పూజారి కూర్చుంటాడు. గుడి నుంచి కోట దాకా మూడుసార్లు ఊరేగిస్తారు. మాను ఏ తోటలో ఉందో అమ్మవారు కలలో పూజారికి చెప్తుందంట. ముందు బెస్తవారి వల, పాలధార, అంజలి రథం, ఏనుగు బండి నడుస్తాయి. పోయినేడు జనంలో నలిగిపోతూ చూశాను. అన్నిటికన్నా ముందు చెవిలో పడింది డప్పు. సంగీత కాలేజీ వయొలిన్ కాదు, వీణ కాదు, డప్పే. అక్కడ నిలబడి ఉంటే మా కందికొత్తల పండగే గుర్తొచ్చింది. అమ్మవారి దగ్గర కొండకీ కోటకీ ఒకటే చప్పుడు.

కానీ కాలేజీ కల్చరల్ ఫెస్ట్‌లో ఏమైందో వినండి. పేర్లు ఇచ్చేటప్పుడు "ఏ పాట?" అని అడిగారు. మా నాయనమ్మ పాట అన్నాను. "క్లాసికలా, లైటా, ఫోకా?" అన్నారు. జానపదం అని రాయించాను. ఏ రాగం, ఎవరు రాశారు, లిరిక్ ప్రింట్ తెచ్చావా అన్నారు. లేదన్నాను. పేరు కొట్టేశారు. కోపం కన్నా ముందు నాకు భయమేసింది. ఎందుకంటే ఆ పాట నాకే పూర్తిగా రాదు. మూడో మాట తర్వాత ఏముందో మర్చిపోయాను.

దసరా సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు నాయనమ్మని కూర్చోబెట్టి ఫోన్లో రికార్డు చేశాను. మొదట సిగ్గుపడింది. పొలంలో ఉన్నట్టు అనుకో అంటే అప్పుడు ఎత్తుకుంది. నలభై నిమిషాలు వచ్చింది. ఏడు పాటలు. ఒక పాటలో తాతల కాలంలో కొండ దిగి సంతకి ఉప్పు కోసం నడిచిన దారంతా ఉంది, గెడ్డల పేర్లతో సహా. అందులో నాలుగు మాటలకి మా నాన్నకి కూడా అర్థం తెలీలేదు. నాయనమ్మకి డెబ్బై దాటాయి, పళ్ళు లేవు, కొన్ని మాటలు తేలిపోతున్నాయి. పక్క ఊళ్ళో సొరబుర్ర వాయిద్యం వాయించే తాత ఉన్నాడని చెప్పింది. నేను వెళ్ళేసరికి ఆయన లేడు, పోయిన ఎండాకాలమే పోయాడంట. వాయిద్యం అటక మీద ఉంది, తీగ తెగి.

ఆ నాలుగు మాటలు కింద కామెంట్లో పెడుతున్నాను. సీతంపేట, భామిని, గుమ్మలక్ష్మీపురం వైపు వాళ్ళు మీ ఇళ్ళల్లో పెద్దోళ్ళని అడిగి చెప్పండి. సొరబుర్ర వాయిద్యానికి తీగ కట్టడం తెలిసినోళ్ళు ఎవరైనా మీ ఊళ్ళో ఉంటే నాకు మెసేజ్ చెయ్యండి. సంక్రాంతికి బండి మీద నేనే వస్తాను.