కొద్ది ఎకరముల సేద్యమునకు చిన్న ట్రాక్టరు

నాలుగైదెకరముల పొలము గల రైతు నేడు తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: ‘మా పొలమునకు ట్రాక్టరు తగునా? తగినచో ఎట్టిది తగును?’ ఈ ప్రశ్న క్రొత్తది కాదు. నూరేండ్లకు పైగా అనేక దేశముల రైతులు దీనినే అడిగిరి. వారికి దొరకిన సమాధానములే చిన్న ట్రాక్టరు చరిత్ర. ఆ చరిత్రను కొంత తెలిసికొన్నచో, యంత్రమును కొనబోవు వానికి ఏది ముఖ్యమో, ఏది కాదో తేటపడును.

తొలుదొల్త ట్రాక్టరు చిన్న రైతు కొరకు పుట్టలేదు. 1892లో అమెరికాలోని అయొవా రాష్ట్రమున జాన్ ఫ్రోలిక్ అను నాతడు పెట్రోలుతో నడచు యంత్రమును చేసెను. అది నూర్పిడికి ఉద్దేశింపబడినది. అటుపై హార్ట్-పార్ వంటి సంస్థలు చేసిన యంత్రములు కొన్ని తొమ్మిదేసి టన్నులు తూగెడివి. అంతులేని గోధుమ బీళ్లలో అవి పనికివచ్చెను గాని గట్లుగల చిన్న మడులలో వాని చక్రమును త్రిప్పుటకే చోటు చాలదు. 1902లో ఇంగ్లండులో డాన్ ఆల్బోన్ అనునతడు మూడు చక్రముల తేలికపాటి యంత్రమును నిర్మించి, చిన్నదియు పనిచేయగలదని చూపెను. కాని ఆ దారి వెంటనే ప్రబలలేదు.

1917లో హెన్రీ ఫోర్డు ‘ఫోర్డ్‌సన్’ ట్రాక్టరును బయటికి తెచ్చెను. అది ఇరువది అశ్వశక్తులది. బరువు టన్నుంబావు లోపే. ప్రపంచ యుద్ధములో ఆహారపు కొరతకు లోనైన బ్రిటిషు ప్రభుత్వము ఆరువేల యంత్రములను కోరెను. మోటారు కార్ల వలెనే వీనిని గుంపులు గుంపులుగా తయారు చేయుటచే ధర పడిపోయి, 1922లో 395 డాలర్లకు దిగెను. సామాన్య రైతు ట్రాక్టరు వైపు కన్నెత్తి చూచుట అప్పుడే మొదలయ్యెను.

ఐనను ఫోర్డ్‌సన్‌లో ఒక ఘోరమైన లోపముండెను. నాగలిని వెనుక గొలుసుతోనో కొక్కెముతోనో తగిలించి లాగెడివారు. నాగలి మొన భూమిలోని రాతికో వేరుకో తగులుకొన్నప్పుడు అది కదలదు. యంత్రము మాత్రము తిరుగుచునే యుండును. అప్పుడు వెనుక చక్రములు నిలిచిపోయి, ముందు భాగము పైకి లేచి, బండి వెనుకకు తిరుగబడి తోలువాని మీద పడును. ఎందఱో రైతులు ఇట్లు ప్రాణములు గోల్పోయిరి. యంత్రము తేలికైనకొలది ఈ అపాయము హెచ్చు. బరువు పెంచినచో నేల గట్టిపడును, ధర పెరుగును. ఈ చిక్కు విడనిదే చిన్న ట్రాక్టరు నిజముగా చిన్న రైతుది కాజాలదు.

ఆ చిక్కును విప్పినవాడు హ్యారీ ఫెర్గూసన్. ఆయన 1884లో ఐర్లండులోని డౌన్ మండలమున ఒక రైతు ఇంట పుట్టెను. 1909 చివర తాను స్వయముగా కట్టుకొన్న విమానములో ఎగిరి పేరు పొందెను. 1917లో ఐరిష్ వ్యవసాయ శాఖవారు ట్రాక్టరు దుక్కిని మెరుగుపరచు పనిని ఆయనకు అప్పగించిరి. ఊరూర తిరిగి దుక్కులను చూచిన పిమ్మట ఆయనకు ఒక సంగతి స్పష్టమయ్యెను. అందఱును ట్రాక్టరును ఎద్దుల స్థానమున, గుఱ్ఱముల స్థానమున నిలిపి, పాత నాగలిని దాని వెనుక కట్టుచున్నారు. నాగలియు ట్రాక్టరును రెండు వేఱు వస్తువులుగా నున్నంత కాలము ఈ అపాయము తప్పదు. రెండును ఒకే యంత్రమై పనిచేయవలెను.

1920 తరువాత కొన్నేండ్ల కృషి ఫలముగా మూడు కడ్డీల లంకె రూపొందెను. క్రింద రెండు కడ్డీలు పనిముట్టును లాగును. పైనొక కడ్డీ దానిని పట్టి నిలుపును. నాగలికి నేల ఎదురొడ్డినప్పుడు ఆ పై కడ్డీ ముందుకు నొక్కబడును. ఆ నొక్కుడు ట్రాక్టరు ముందు భాగమును నేలకు అదిమి పట్టును. బండి వెనుకకు తిరుగబడు ప్రమాదము తగ్గును. ఇంకొక మేలు కూడ కలదు. ఒత్తిడి అధికమైనపుడు చమురు పీడనముతో పనిచేయు ఎత్తుడు యంత్రము నాగలిని తనంతట తానే కొంచెము లేపును. అప్పుడు నాగలి బరువును, నేల దానిని క్రిందికి లాగు బలమును వెనుక చక్రముల మీదికి చేరును. అనగా కావలసిన బరువు ఇనుముగా మోసికొని తిరుగనక్కరలేదు. పని జరుగు సమయమున పనిముట్టే ఆ బరువును ఇచ్చును. తేలిక బండి బరువైన పని చేయుటలోని కిటుకు ఇదియే.

1933లో ఫెర్గూసన్ తన మొదటి ట్రాక్టరును నల్లరంగు వేసి సిద్ధము చేసెను. 1936లో డేవిడ్ బ్రౌన్ సంస్థవారు హడర్స్‌ఫీల్డులో దాని ననుసరించి యంత్రములు చేసిరి. 1938లో ఫెర్గూసన్ అమెరికాకు పోయి హెన్రీ ఫోర్డు ఎదుట దున్ని చూపెను. వారిరువురును కాగితము మీద వ్రాత లేకయే, చేతిలో చేయి వేసికొని ఒప్పందము చేసికొనిరి. 1939లో వెలువడిన ‘9ఎన్’ ట్రాక్టరు ఆ ఒప్పందపు ఫలము. దాని బరువు టన్ను పైచిలుకు మాత్రమే. కాని వ్రాతలేని ఒడంబడిక మనుమని కాలమున నిలువలేదు. రెండవ హెన్రీ ఫోర్డు దానిని రద్దుచేయగా ఫెర్గూసన్ న్యాయస్థానమున కెక్కెను. 1952లో 92 లక్షల 50 వేల డాలర్లకు రాజీ కుదిరెను. ఈలోపల 1946 నుండి ఇంగ్లండులోని కవెంట్రీ నగరమున ‘టి.ఇ.20’ అను బూడిదరంగు చిన్న ట్రాక్టరు తయారగుచుండెను. 1956 వరకు అట్టివి ఐదు లక్షలకు పైగా వెలువడెను. 1958 జనవరిలో సర్ ఎడ్మండ్ హిల్లరీ బృందము దక్షిణ ధ్రువమును చేరినది ఆ జాతి ట్రాక్టర్ల మీదనే.

ఫెర్గూసన్ అమ్మినది ఒక్క ట్రాక్టరును కాదు. నాగలి, గొర్రు, బోదెలు వేయు పనిముట్టు, గడ్డికోత కత్తి, ట్రక్కు మున్నగువన్నియు దాని కొలతకే చేయబడెను. వీనిని బిగించుటకు ఇచ్చిన మరచుట్టు మీద అంగుళముల గుర్తులుండెను. దానితోనే చాలు కొలుచుకొనవచ్చును. ఒక రైతు ఒంటరిగా, నిమిషములలో పనిముట్టును మార్చుకొనగలిగెను.

ఇదే కాలమున మఱికొన్ని మార్పులు వచ్చి చేరెను. ట్రాక్టరు యంత్రపు శక్తిని వెనుకనున్న ఇరుసు ద్వారా పనిముట్టునకు అందించు ఏర్పాటు 1918 ప్రాంతమున అమెరికాలో వాడుకలోనికి వచ్చెను. తరువాత ఆ ఇరుసు నిమిషమునకు 540 చుట్లు తిరుగవలెనని ప్రమాణ మేర్పడెను. ఆ అంకె నేటికిని చెల్లుచున్నది. 1932లో ఇనుప చక్రములకు బదులు గాలి టైర్లు వచ్చెను. ఆస్ట్రేలియాలో క్లిఫర్డ్ హోవర్డ్ అను రైతుబిడ్డ 1912లోనే తిరుగుడు కత్తులతో మట్టిని చిదుపు పనిముట్టును ప్రయోగించి చూచెను. మన రైతులు నేడు రోటవేటరు అనునది దాని సంతతియే. 1947లో వెలువడిన ‘ఫార్మాల్ కబ్’ పది అశ్వశక్తుల లోపు బండి. కూరగాయల మడులకు, తోటలకు ఉద్దేశింపబడినది.

కాని అమెరికాలో కమతములు పెరిగినకొలది అక్కడి సంస్థల దృష్టి పెద్ద యంత్రముల మీదికి పోయెను. చిన్న ట్రాక్టరు కథ జపానులో కొనసాగెను. అచ్చటి వరిమడులు మన మాగాణి మడుల వంటివి, చిన్నవి, బురదవి. 1933లో మగోకిచి యమఓక చిన్న డీజిలు యంత్రమును సాధించెను. యుద్ధానంతరము భూసంస్కరణలచే కౌలుదార్లు సొంత రైతులైరి. ముందు చేతితో పట్టి నడుపు పవర్ టిల్లరు ఇంటింట చేరెను. 1960లో కుబోటా సంస్థ పదునైదు అశ్వశక్తుల ట్రాక్టరును చేసెను. 1969లో ఆ సంస్థ చిన్న ట్రాక్టర్లు అమెరికాకే ఎగుమతి అయ్యెను. ఏ దేశము చిన్న యంత్రమును విడిచిపెట్టెనో ఆ దేశమే దానిని తిరిగి కొనుక్కొనవలసి వచ్చెను.

మన దేశమున 1947లో ఏర్పడిన కేంద్ర ట్రాక్టరు సంస్థ పని బీళ్లను సాగులోనికి తెచ్చుట; అది పెద్ద యంత్రముల పని. 1959లో ఫరీదాబాదున ఐషర్ సంస్థ దేశములో తొలి ట్రాక్టరును వెలువరించెను. 1974లో దుర్గాపురము పరిశోధనశాల రూపకల్పనతో పంజాబులో స్వరాజ్ 724 వచ్చెను. అది ఇరువదియారు అశ్వశక్తుల పైచిలుకు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారము దేశములో సగటు కమతము 1.08 హెక్టార్లు, అనగా రెండెకరముల ముప్పాతిక లోపు. నూటికి ఎనుబదియారు కమతములు రెండు హెక్టార్ల లోపువే. ఇట్టి స్థితిలో 2011లో మహీంద్రా సంస్థ పదునైదు అశ్వశక్తుల బండిని తెచ్చెను. 2013లో ఆ సంస్థయే జహీరాబాదులో కర్మాగారము స్థాపించెను; 2023లో ప్రకటించిన ‘ఓజా’ తరగతి చిన్న ట్రాక్టర్లు అచ్చటనే తయారగుచున్నవి.

ఇక ఎంపిక మాటకు వత్తము. ఫెర్గూసన్ నేర్పిన మొదటి పాఠమేమనగా, ముందు పనిని ఎంచుకొని, పిమ్మట పనిముట్టును, చివరకు ట్రాక్టరును ఎంచుకొనవలెను. మిరప, ప్రత్తి, బత్తాయి, మామిడి తోటలలో అంతరకృషి చేయువాడు ముందు తన సాళ్ల నడుమ ఎడమును కొలుచుకొనవలెను. చక్రముల నడుమ వెడల్పు ఆ ఎడమునకు సరిపడవలెను; క్రింద మొక్క తగులనంత ఎత్తుండవలెను. వరి పండించువాడు దమ్ముచక్రములను, నాలుగు చక్రములకును శక్తి నందించు ఏర్పాటును చూడవలెను. నల్లరేగడిలో లోతు దుక్కి చేయగోరువానికి పదునైదు అశ్వశక్తులు చాలవు. ఆ ఒక్క పనికి ఏడాది కొకసారి పెద్ద ట్రాక్టరును అద్దెకు తెచ్చుకొనుట మేలు.

రెండవది శక్తి. కాగితము మీది అశ్వశక్తి యంత్రమునది. వెనుక ఇరుసునకు చేరునది అంతకంటె తక్కువ. రోటవేటరును తిప్పునది ఆ ఇరుసు గావున దాని శక్తినే అడుగవలెను. ఇరువది అశ్వశక్తుల బండికి సుమారు మీటరు వెడల్పు రోటవేటరు తగును. అంతకంటె వెడల్పుదానిని తగిలించినచో యంత్రము ఉక్కిరిబిక్కిరి యగును. లంకె మేకుల మందమును సరిచూచుకొనవలెను. పెద్ద బండికి చేసిన పనిముట్టు చిన్నదానికి అమరదు. మధ్యప్రదేశములోని బుద్నీ కేంద్రమువారు ట్రాక్టర్లను పరీక్షించి నివేదికలు వెలువరింతురు. అనంతపురము జిల్లా గార్లదిన్నెలో అట్టి శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. అమ్మువాని మాటకంటె ఆ నివేదికలోని అంకెలు నమ్మదగినవి.

మూడవది లెక్క. మీటరు వెడల్పు రోటవేటరు గంటకు రెండున్నర కిలోమీటర్ల వేగముతో నడచినచో, మలుపులు పోగా అరెకరము చిదుపును. ఐదెకరములను రెండుమార్లు చిదుపుటకు ఇరువది గంటలు. ఏడాదికి రెండు పంటలు, వానికి తోడు పైపనులు చేర్చినను నూఱుగంటలు నిండుట అరుదు. తక్కిన కాలమంతయు బండి కొట్టములోనే యుండును. అప్పు మీది వడ్డీ మాత్రము కొట్టములో నిలువదు. కావున కేవలము దుక్కి కొరకు ట్రాక్టరును కొనుట అప్పును కొనుటయే. నెల నెల అంతరకృషి, మందు చల్లుట, ఎరువు తోలుట ఉన్న తోట రైతునకు అది గిట్టును. ఇద్దఱు ముగ్గురు అన్నదమ్ములో, ఇరుగుపొరుగు రైతులో కలిసి కొన్నను గిట్టును. తక్కినవారికి అద్దె బండియే లాభము. ఐతే అదను దాటకుండ బండి దొరకునా యను ప్రశ్న కూడ తూచుకొనవలెను. పదును పోయిన పిమ్మట చౌకగా దొరకిన దుక్కి చౌక కాదు.

చివరిది ప్రాణరక్షణ. ఫోర్డ్‌సన్ నాటి అపాయము పూర్తిగా తొలగిపోలేదు. దమ్ములో చక్రములు దిగబడినపుడు బలవంతముగా ముందుకు నడిపినచో నేటి బండియు వెనుకకు తిరుగబడగలదు. అట్టియెడ వెనుకకు నడిపి బయటపడుట, లేదా వేఱు బండిచే లాగించుట యుక్తము. తోలువాని వెనుక రక్షణచట్రము 1959లోనే స్వీడను దేశమున క్రొత్త ట్రాక్టర్లకు చట్టముచే విధింపబడెను. ధర కొంత యెక్కువైనను అది గల బండినే కొనవలెను. తిరుగు ఇరుసుపై మూత తీయరాదు. దానికడ పంచె చెఱగు, పైట కొంగు వ్రేలాడరాదు. మడ్‌గార్డు మీద పిల్లలను కూర్చుండబెట్టరాదు.

తేలిక బండి, తగిన పనిముట్టు, తెలిసిన చేయి, ఈ మూడును కూడినపుడే కొద్ది ఎకరముల రైతునకు యంత్రము తోడగును. కొనబోవు వారు మొదట కొలుచుకొనవలసినది తమ పొలమును, తమ సాళ్లను, తమ పని గంటలను. బండి ధర అడుగుట ఆ పిమ్మటి మాట.