బీజాపూర్ దారిలో బొమ్మల జోస్యం

మొయినాబాద్, చేవెళ్ల మీదుగా పడమరకు పోయే తోవను ఇవాళ్టికీ బీజాపూర్ రోడ్డనే అంటారు. ఈ దారి వెంట వందల మర్రిచెట్లున్నాయి. రోడ్డు వెడల్పు పనుల్లో వాటిని కొట్టేయకుండా కాపాడాలని జనం పోరాడడంతో ఆ మర్రులు పేరుకెక్కాయి. ఈ తోవకు ఈ కొసన గోల్కొండ, ఆ కొసన బీజాపూర్. బొమ్మల సాయంతో జరగబోయేది తెలుసుకోవాలన్న ఆశకు దక్కన్ నుంచి మిగిలిన రెండు గొప్ప ఆనవాళ్లు సరిగ్గా ఈ రెండు కొసల్లోనే పుట్టాయి. నడుమ ఊళ్లలో అదే పని చేసిన పేదవాళ్ల బొమ్మల కట్ట, చిలక జోస్యగాడిది, ఇంకొకటుంది. దాన్ని కూడా వాటి సరసన కూర్చోబెట్టాలని నా పట్టుదల.

బీజాపూర్‌లో అలీ ఆదిల్ షా ఏలుబడిలో, 1570లో, ‘నుజూమ్ అల్ ఉలూమ్’ అనే పారసీ గ్రంథం తయారైంది. రాశులు, గ్రహాలు, మంత్రాలు, రూహానీలనే శక్తిదేవతలు, ఏనుగులు, గుర్రాలు, ఆయుధాలు ఇందులో బొమ్మలతో సహా ఉన్నాయి. ఇస్లామీ జ్యోతిషం, మన తాంత్రికం ఒకే అట్టల మధ్య ఒదిగిన పుస్తకమిది. ఇప్పుడు డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ లైబ్రరీలో ఉంది.

గోల్కొండది చిలక జోస్యానికి ఇంకా దగ్గరి చుట్టం. ఫాల్‌నామా అనే శకునాల పుస్తకం అది. ఇరాన్‌లో షా తహ్మాస్ప్ కొలువులో 1550ల ప్రాంతంలో గీసిన ఫాల్‌నామా పుట ఒక్కొక్కటీ దాదాపు 60 సెంటీమీటర్ల ఎత్తుంటుంది. టర్కీ సుల్తాను మొదటి అహ్మద్ కోసం కలందర్ పాషా 1614–16 మధ్య ఇంకొకటి కూర్చాడు. ఇంచుమించు ఆ రోజుల్లోనే, 1610–30 మధ్య, గోల్కొండలోనూ ఒకటి తయారైంది. ప్రస్తుతం అది ఖలీలీ సేకరణలో ఉంది. ఇంత పెద్ద బొమ్మల ఫాల్‌నామాలు ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. వాటిలో ఒకటి మన గడ్డ మీదిదంటే చిన్న సంగతి కాదు.

అడిగేవాడు వుజూ చేసుకుని (కాళ్లూ చేతులూ కడుక్కుని), ప్రార్థన చదువుకుని, ప్రశ్న మనసులో తలచుకుని పుస్తకాన్ని చేతికి వచ్చిన చోట తెరుస్తాడు. ఒక పక్క పుట నిండా బొమ్మ ఉంటుంది: ఆదామో, యూసుఫో, మూసాయో, ఇమాముల మహిమో, ఒక గ్రహమో. ఎదుటి పుటలో ఫలం. ప్రయాణం కట్టొచ్చా, పెళ్లి కుదురుతుందా, బేరం కలిసొస్తుందా, పశువును కొనొచ్చా? చెడ్డ శకునమొస్తే దానధర్మాలు చేసి ఓపిక పట్టమంటుంది. చూడడానికి పుస్తకమే గానీ, చేసేది ముక్కల కట్ట చేసే పనే.

ఐరోపాలో టారో ముక్కలు 15వ శతాబ్దపు ఇటలీలో ఆడుకోవడానికే పుట్టాయి. వాటిలో ప్రాచీన రహస్యవిద్య దాగుందని పారిస్‌లో కూర్ ద జెబ్లాఁ అచ్చువేసింది 1781లో. ఇప్పుడందరూ ఎరిగిన రైడర్–వెయిట్ కట్ట 1909 నాటిది. దానికి బొమ్మలు వేసింది పమేలా కోల్మన్ స్మిత్. అప్పటికి గోల్కొండ ఫాల్‌నామాకు మూడు వందల ఏళ్లకు దగ్గరగా వయసుంది. మన గుండ్రటి గంజీఫా ముక్కలు మాత్రం దశావతారాలు ఎక్కినా ఆటగానే ఉండిపోయాయి.

చీకటి పడ్డాక చూసే జోస్యం సంగతి వేరు. ఇరాన్‌లో ఏడాదిలోకెల్లా పొడుగైన యల్దా రాత్రి ఇంటిల్లిపాదీ చేరి హాఫిజ్ కవితల పుస్తకం తెరిచి ఫాల్ చూసుకుంటారు. మన ఊళ్లలో రాత్రి బుడబుక్కలాయనది. కోడి కూయకముందే తలపాగా, రంగురంగుల బట్టలు, చేతిలో చిన్న డమరుకంతో వాకిట్లోకి వస్తాడు. ఊరి పొలిమేరలో రాత్రి పక్షుల కూతలు విని వచ్చాడని నమ్మకం. జగదంబ పేరెత్తి నాలుగు మాటలు పలికి వెళ్లిపోతాడు. లోపలివాళ్లు దుప్పట్లోంచే వింటారు. పొద్దెక్కాక మళ్లీ వచ్చి బియ్యమో, పాత బట్టలో పట్టుకుపోతాడు.

ఎరుకలసాని సోది పగటి పని. పద్మావతి తల్లికి ధైర్యం చెప్పడానికి శ్రీనివాసుడే ఎరుకలసాని వేషం కట్టాడని కథ. 

చిలక జోస్యం వెలుగుండగానే ముగుస్తుంది, చీకటిపడితే చిలక పని చెయ్యదు. కట్టలో మామూలుగా ఇరవై ఏడు ముక్కలుంటాయి, నక్షత్రానికొకటి. జోస్యగాడు పేరడిగి పంజరం తలుపెత్తుతాడు. చిలక నడిచొచ్చి, ముక్కుతో ఒక్కో ముక్కనూ లాగి పక్కన పడేస్తూ, ఒకదాని దగ్గర ఆగుతుంది. గింజ అందుకుని తనంతట తానే లోపలికి పోతుంది. మడత విప్పితే రాముడో, ఆంజనేయుడో, వెంకన్నో. శిలువ, మసీదు బొమ్మలున్న కట్టలూ ఉన్నాయి. నుజూమ్‌లో రాజు ఖర్చుతో జరిగిన కలయిక ఇక్కడ నేల మీద పరిచిన గుడ్డముక్క మీద జరిగింది. బుడబుక్కలాయన పక్షి చెవికి వినిపిస్తే, ఇతని పక్షి కంటికి కనిపిస్తుంది. రెండు చోట్లా శకునం ఎంచేది మనిషి కాదు. షిరాజ్‌లో హాఫిజ్ సమాధి దగ్గర కూడా కవిత రాసిన చీటీని పిట్ట చేతనే తీయిస్తారు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రామచిలుకను పంజరంలో పెట్టడం నేరం. పక్షికి అది న్యాయమే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ చిలకతోపాటు కట్ట కూడా పోనక్కర్లేదు. ఖలీలీ ఫాల్‌నామా మీద పండితులు పుస్తకమే వేశారు. మన మ్యూజియాలు ఈ రోడ్డు ఊళ్లలో తిరిగిన చిలక జోస్యగాళ్ల దగ్గర ఒక్క పాత కట్టయినా కొని, ముక్కముక్కకూ వాళ్లు చెప్పే ఫలాన్ని వాళ్ల గొంతుతోనే రికార్డు చేయించాలి. ఆ ఫలాలు చాలావరకు చెప్పేవాళ్ల నోటనే ఉన్నాయి.