సైనిక అంగవైకల్య పింఛను

సైనిక అంగవైకల్య పింఛను భారత సాయుధ దళాలలో పనిచేసి, సర్వీసు వలన కలిగిన లేదా సర్వీసు వలన తీవ్రమైన వ్యాధి, గాయములతో బయటకు వచ్చినవారికి కేంద్ర ప్రభుత్వం చెల్లించే పింఛను. వైకల్యం కనీసం 20 శాతం ఉండాలన్నది సాధారణ నియమం. శాతం తక్కువగా నిర్ణయించినా, వ్యాధికి సర్వీసుతో సంబంధం లేదన్నా మాజీ సైనికుడు అప్పీలు చేసుకోవచ్చు.

శాతం నిర్ణయం

సర్వీసు ముగిసే సమయంలో సైనిక మెడికల్ బోర్డు రెండు విషయాలు తేలుస్తుంది. ఒకటి, వ్యాధికి సర్వీసు కారణమా అన్నది. రెండవది, వైకల్యం ఎంత శాతం అన్నది. 2006 నుండి అమలైన లెక్క ప్రకారం నూరు శాతం వైకల్యానికి చివరి వేతనంలో 30 శాతం, అంతకు తక్కువైతే ఆ నిష్పత్తిలో చెల్లిస్తారు.

2001 నాటి ఉత్తర్వు ప్రకారం 50 లోపు శాతాన్ని 50గా, 50-75 మధ్య ఉన్నదానిని 75గా, ఆపై ఉన్నదానిని 100గా లెక్కిస్తారు. ఉదాహరణకు చివరి వేతనం 40,000 రూపాయలు, వైకల్యం 30 శాతం అయితే నెలకు 3,600 రావలసిన చోట 6,000 రూపాయలు వస్తుంది. మొదట అనారోగ్యంతో తొలగింపబడినవారికే ఉన్న ఈ సదుపాయం పదవీకాలం పూర్తిచేసినవారికి కూడా వర్తిస్తుందని 2014లో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2023 సెప్టెంబరు 21 నుండి వైదొలగినవారికి కొత్త నియమావళి వర్తిస్తుంది.

ధరమ్‌వీర్ సింగ్ కేసు

1985లో సిగ్నల్స్ దళంలో చేరిన ఈ సిపాయిని మూర్ఛవ్యాధి కారణంగా 1994లో తొలగించారు. వైకల్యం 20 శాతమని తేల్చినా, వ్యాధి పుట్టుకతో వచ్చిన శరీరతత్వానికి సంబంధించినదని పింఛను నిరాకరించారు. చేరిక నాటి వైద్య పరీక్షలో వ్యాధి ఏదీ నమోదు కానప్పుడు అది సర్వీసులోనే వచ్చినదని భావించాలనీ, కాదని నిరూపించవలసిన భారం ప్రభుత్వానిదేననీ 2013 జూలై 2న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. తరువాతి అనేక అప్పీళ్ళకు ఈ తీర్పే ఆధారం.

అప్పీలు దశలు

* మొదటి అప్పీలు: తిరస్కరణ ఉత్తర్వు అందిన ఆరు నెలలలోపు మొదటి అప్పీళ్ళ కమిటీకి.
* రెండవ అప్పీలు: పింఛనుపై రెండవ అప్పీళ్ళ కమిటీకి.
* సాయుధ దళాల ట్రిబ్యునల్: 2007 చట్టం ప్రకారం ఏర్పడి 2009 ఆగస్టులో ప్రారంభమైంది. తుది ఉత్తర్వు వెలువడిన ఆరు నెలలలోపు దరఖాస్తు చేయాలి. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది.
* ట్రిబ్యునల్ తీర్పుపై హైకోర్టులో రిట్ వేయవచ్చునని 2023 మార్చిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

బాగా ఆలస్యంగా వచ్చినవారికి హక్కు పోదు గానీ, బకాయిలు సాధారణంగా మూడేళ్ళకే పరిమితమవుతాయని 2008లో తర్సేమ్ సింగ్ కేసులో తీర్పు వచ్చింది.

తెలుగు రాష్ట్రాలలో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు ట్రిబ్యునల్ చెన్నై పీఠం పరిధిలో ఉన్నాయి. వనపర్తి జిల్లాలోని పెద్దమందడి వంటి మండలాల మాజీ సైనికులకు కూడా ఇదే పీఠం. అప్పీలుకు చేరిక నాటి వైద్య పత్రం, మెడికల్ బోర్డు నివేదిక, డిశ్చార్జి పుస్తకం, తిరస్కరణ ఉత్తర్వు ముఖ్యం. తమ వద్ద లేని పత్రాలను 2005 సమాచార హక్కు చట్టం క్రింద కోరవచ్చు. మాజీ సైనికులు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం సహాయం పొందవచ్చు.